జపాన్‌ల ఉంటున్న. ఎక్కువ ఖర్చు లేకుండ భాష ఎట్ల నేర్చుకోవాలె? (రెండేండ్ల బాబు ఉన్నడు)

దేవరకొండ బిడ్డ:

అందరికీ నమస్తే. మాది నల్గొండ జిల్లా దేవరకొండ. మా ఆయన కంపెనీ పని మీద ముందే వచ్చిండు, నేనూ బాబూ వచ్చి ఏడు నెలలైతుంది. నగోయా నుంచి రైల్ల ఇరవై నిమిషాలు, చిన్న ఊరు. చుట్టుపక్కల తెలుగోళ్లు ఒక్కరు లేరు.

మా ఆయనకు ఆఫీసుల అంతా ఇంగ్లీషే. జపనీస్ అక్కర ఆయనకు పడలే, నాకు పడ్డది. పోయిన నెల బాబుకు జ్వరమొస్తే ఒక్కదాన్నే దవాఖానకు తీసుకపోయిన. కౌంటర్ కాడ ఆమె ఏదో అడిగింది. మళ్లీ అడిగింది. ఫోన్‌ల ట్రాన్స్‌లేషన్ పెడితే "పిల్లవాడు ఎప్పటి నుండి ఎత్తుగా ఉన్నాడు" అని వచ్చింది. ఎత్తు ఏంది, నాకు అర్థం కాలే. ఆఖరికి కాగితం మీద 38.5 అని రాసి చూపెట్టిన, అప్పుడు ఆమె తల ఊపింది. ఇంటికొచ్చి బాబును పండుకోబెట్టి నేను ఏడ్చిన.

వచ్చే ముందు హైదరాబాద్‌ల ఒక కోచింగ్ సెంటర్‌కు పన్నెండు వేలు కట్టి రెండు నెలలు ఆన్‌లైన్ క్లాసులు విన్న. హిరగన, కతకన (వాళ్ల రెండు రకాల అక్షరాలు) వచ్చినయి. "ఇది పెన్ను, అది పుస్తకం" వచ్చింది. ఇక్కడ ఇప్పటిదాక నన్ను పెన్ను గురించి ఎవ్వరూ అడగలే.

ఇక్కడి లాంగ్వేజ్ స్కూళ్లకు సంవత్సరానికి ఏడెనిమిది లక్షల యెన్లంట. ఆ ముచ్చట ఇంట్ల ఎత్తేటట్టే లేదు. బాబును హొయికుయెన్‌ల (పనికిపోయేటోళ్ల పిల్లల్ని చూసుకునే బడి) వేద్దామంటే నాకు ఉద్యోగం లేదు గాబట్టి సీటు కష్టం.

మొన్న షియకుషొల (మన మున్సిపాలిటీ ఆఫీసు లెక్క) గోడకు ఒక పోస్టర్ చూసిన. టేబుల్ చుట్టూ మనుషులు కూర్చున్న బొమ్మ, "నిహొంగొ" (జపనీస్ భాష) అని హిరగనల, కింద 100 యెన్లు అని. 100 అంటే దేనికి, నెలకా? గంటకా? అంత తక్కువకు నేర్పుతరా, లేకుంటే మతం గితం చెప్పుతరా? బాబును తీసుకపోవచ్చునా? ఎవరన్న పోయినోళ్లుంటే చెప్పుండ్రి. మా అత్తమ్మ ప్రతి ఆదివారం ఫోన్‌ల "ఏడు నెలలాయె, ఇంక రాలేదా బిడ్డా" అంటది. ఆమెకేం చెప్పాలె.


చిట్యాల తమ్ముడు:

అక్కా, నాది చిట్యాల. టోక్యోల ఎదొగవ వార్డు, నిషికసయ్‌ల ఉంట. ఇక్కడ ఇండియావాళ్లు మస్తు, అదే నా కొంప ముంచింది. కందిపప్పు నుంచి కరివేపాకు దాక హిందీల, తెలుగుల దొరుకుతది. ఒక్క జపనీస్ ముక్క మాట్లాడకుండ వారం గడుస్తది.

100 యెన్లు అంటే ఒక్క క్లాసుకు. చాయ్, జిరాక్సుల ఖర్చు అనుకో. కొన్ని తావుల అదీ ఉండదు. మతం ఏం లేదు, భయపడకు. నేర్పేటోళ్లు వాలంటీర్లు, ఎక్కువ రిటైరైనోళ్లు. వారానికి ఒకసారి, గంటన్నరనో రెండు గంటలనో.

కానీ నిజం చెప్త. నేను అట్లాంటి క్లాసుకు సంవత్సరం పోయిన. వారానికో కొత్త వాలంటీర్ కూర్చుంటడు, మళ్లీ "మీ పేరేంది, ఏ దేశం, ఏం తింటరు". నన్ను నేను పరిచయం చేసుకునుడు తప్ప నాకేం రాలే, అదైతే మాత్రం నిద్రల కూడ చెప్త. తర్వాత విసుగొచ్చి సొంతంగ చదివి పరీక్ష రాసిన. ఆ జపనీస్ భాష పరీక్ష పేరు జెఎల్‌పీటీ, జూలైల ఒకసారి, డిసెంబర్‌ల ఒకసారి, మొదటి ఆదివారం ఉంటది. ఎన్5 నుంచి మొదలు, ఎన్1 అన్నిటికన్న కష్టం. నాది ఎన్3 అయింది. అయితే ఆ పరీక్షల మాట్లాడుడు లేదు, రాసుడు లేదు, అన్నీ గోళాలు నింపుడే. ఎన్3 సర్టిఫికెట్ బ్యాగుల పెట్టుకొని వార్డు ఆఫీసుకు పోయి అడ్రస్ కాగితం అడగరాక, ఇంగ్లీషు వచ్చినోళ్లు ఎవరన్న ఉన్నరా అని దిక్కులు చూసిన. గిది నా కథ. నువ్వు పరీక్ష పెట్టుకో అక్కా, డెడ్‌లైన్ లేకుంటే మనం చదవం.


మక్తల్ అక్క:

చెల్లె, తమ్ముడు చెప్పింది సగం నిజం. మిగతా సగం నేను చెప్త, కొంచెం పొడుగైతది, బాబు పండుకున్నంక చదువు.

మాది నారాయణపేట జిల్లా మక్తల్ దిక్కు. హమమత్సుకు వచ్చి తొమ్మిదేండ్లు. మా నాయన పాలమూరు లేబర్, గుంపుతోని పుణె, బొంబాయి దిక్కు పోయేటోడు. మరాఠీ చదవరాదు, రాయరాదు, కానీ మేస్త్రీతోని కూలి కోసం లొల్లి పెట్టుకునేటంత వచ్చు. కన్నడం మాకు ఎట్లనూ పక్కింటి భాష. ఏ క్లాసుకు పోయిండు ఆయన? నేనేమో డిగ్రీ చదివి, ఇక్కడికొచ్చి, మొదటి సంవత్సరమంత తప్పు మాట్లాడుతనేమో అని నోరు మూసుకొని ఉన్న. ఒకరోజు ఫోన్ల నాయన అడిగిండు, "ఆడ నీతోని మాట్లాడెటోళ్లు ఎవరున్నరు బిడ్డా?" అని. ఎవరూ లేరు. ఆ వారమే పోయిన క్లాసుకు.

మా ఊర్ల ఇట్లాంటి క్లాసులు ముందునుంచే ఉన్నయి. 1990 సంవత్సరంల వలస చట్టం మారినంక జపాన్ మూలాలున్న బ్రెజిల్ వాళ్లు ఇక్కడి ఫ్యాక్టరీలకు మస్తు వచ్చిండ్రు. నేను పోయినప్పుడు నా టేబుల్ కాడ బ్రెజిల్ ఆమె ఒకతి, ఫిలిప్పీన్స్ ఆమె ఒకతి, వియత్నాం పిల్లగాండ్లు ఇద్దరు. మాకందరికీ కలిసిన భాష జపనీస్ ఒక్కటే, అది ఎవరికీ రాదు. గట్ల నేర్చుకున్నం.

ఇగ నీ ప్రశ్నలు. మళ్లీ షియకుషొకు పోయి కౌంటర్ కాడ "నిహొంగొ క్యోషిత్సు" (జపనీస్ క్లాసు) అను, చాలు. విదేశీయుల వ్యవహారాలు చూసే సెక్షన్‌కు పంపుతరు, లేకుంటే ఊరి కొకుసయ్ కోర్యూ క్యోకయ్ (విదేశీయులతోని కలిసి పనిచేసే సంఘం) అడ్రస్ ఇస్తరు. క్లాసు ఎక్కువ కోమిన్కన్‌ల ఉంటది, అంటే మన కమ్యూనిటీ హాల్ లెక్క. అడుగుడేంది అని సిగ్గుపడకు. 2019ల ఇక్కడి పార్లమెంటు చట్టం చేసింది, బయటి నుంచి వచ్చినోళ్లకు భాష నేర్పించే బాధ్యత ప్రభుత్వానికి, ఊళ్ల ఆఫీసులకు ఉన్నదని. నువ్వేం పుణ్యానికి అడుగుతలేవు.

బాబు సంగతి: పగటి క్లాసుల్ల కొన్ని తావుల పిల్లల్ని చూసుకునేటోళ్లుంటరు. "తకుజి" అని అడుగు. అది లేకున్నా పిల్లను ఒళ్ల కూర్చోబెట్టుకోనిస్తరు, మా బిడ్డ మా క్లాసులనే నడక నేర్చింది. ఆగస్టుల ఒక వారం, కొత్త సంవత్సరానికి కొన్నాళ్లు సెలవులుంటయి, గేటు కాడికి పోయి వాపసు రాకు నా లెక్క.

తమ్ముడు చెప్పిన వారానికో వాలంటీర్ గోస నిజమే. దానికి ఒక్కటే మందు. మొదటి రోజే నీకు నచ్చిన మనిషి కాడ కూర్చొని, వచ్చే వారం కూడ మీ తాన్నే కూర్చుంట అని చెప్పు. వాళ్లు సంతోషపడతరు. ఇంకోటి, ఖాళీ చేతుల్తోని పోకు. ఆ వారం నీకు అర్థం కాని కాగితం ఒకటి పట్టుకపో. చెత్త ఏ రోజు ఏది వెయ్యాలె అనే క్యాలెండర్, దవాఖానల ఇచ్చే ఫారం, కరెంటు బిల్లు, ఏదైన సరే. పాఠం నువ్వే తీసుకపోతే "మీ పేరేంది" దగ్గర బండి ఆగదు. నీ దవాఖాన ముచ్చట నాకు అర్థమైంది. ఆమె "నెత్సు గ తకయ్" అని ఉంటది. తకయ్ అంటే ఎత్తు, తకయ్ అంటే ధర ఎక్కువ, జ్వరం ఎక్కువున్నా తకయే. ఫోను జ్వరాన్ని ఇడిచిపెట్టి ఎత్తును పట్టుకుంది.

ఇప్పుడు అసలు ముచ్చట. ఇంగ్లీషు మీదుగ నేర్చుకోకు. కోచింగ్ సెంటరోళ్లు చేసే తప్పు గిదే, జపనీసును ఇంగ్లీషులకు తెచ్చి, దాన్ని మళ్లీ మనకు చెప్తరు. ఇంటికి పోనీకి బొంబాయి తిరిగి వచ్చినట్టు. మాట వరస మనదే. "నిన్న కొన్న పుస్తకం" అంటె "కినో కత్త హొన్". నిన్న, కొన్న, పుస్తకం. ముక్కకు ముక్క. ఇంగ్లీషోడు దాన్ని తిప్పి మడతపెట్టి చదవాలె, మనకేం పని?

"తబెతె మిరు" అంటె తిని చూసుడు. అవును, మన "తిని చూడు"లున్న చూసుడే, కండ్లతోని కాదు. "తబెతె షిమత్త" అంటె తినేసిన. "కత్తె ఒకు" అంటె కొని ఉంచుడు. ఎవరన్న చెప్పిన మాట చెప్పేటప్పుడు మనం "అని" పెడతం, వాళ్లు "తొ" పెడతరు, అదే జాగల. ఎవరో, ఎవరూ, ఎవరైన అనేటివి "దరెక, దరెమొ, దరెదెమొ". ఒకరు, ఇద్దరు మనుషులకు మనకు వేరే లెక్క ఉన్నట్టే వాళ్లకు "హితొరి, ఫుతరి". పైగ నేను, నువ్వు, ఆయన, ఆమె, ఎవరు తిన్నా క్రియ ఒక్కటే, మారదు. మన తిన్న, తిన్నవు, తిన్నడు, తిన్నది నేర్చుకునేటోళ్ల బాధ చూడు!

నోరు తిరుగుడుల కూడ మనం ముందే ఉన్నం. "కొకొ" అంటె ఇక్కడ, "కోకో" అంటె హైస్కూలు. "బిరు" అంటె బిల్డింగు, "బీరు" అంటె బీరే. "కితె" అంటె రా అని, "కిత్తె" అంటె పోస్టు స్టాంపు. దీర్ఘాలు, ఒత్తులు చిన్నప్పుడు బడిల దెబ్బలు తిని నేర్చుకున్నం గద, ఆ దెబ్బలు ఇక్కడ పనికొస్తయి. మా టేబుల్ బ్రెజిల్ ఆమె కిత్తెకు ఆరు నెలలు తిప్పలు పడ్డది. అందుకే నువ్వు నోట్సు ఇంగ్లీషు అక్షరాలల్ల రాసుకోకు, తెలుగుల రాసుకో. ఆనక మెల్లగ హిరగనకు పో.

అన్నీ సులువని అంటలేను. పేరు ఎనుక తగిలించే "వ"కు, "గ"కు తేడా నాకు ఇప్పటికీ సగమే వచ్చు. ఇచ్చుడుకు వాళ్లకు "అగెరు", "కురెరు" అని రెండు మాటలు, నేను ఇచ్చిందా, నాకు ఇచ్చిందా అని చూసి వాడాలె. మా సెన్సేకు (నేర్పే సారుకు) నేను బక్షాలు చేసి పట్టుకపోయిన రోజు "మీరు నాకు ఇచ్చిండ్రు" అన్నట్టు చెప్పిన. ఆయన నవ్వలే, ఇంకోటి తీసుకొని "ఇది అన్‌కొ పెట్టిన మంజు లెక్కనే ఉన్నది" అన్నడు. వాళ్లు మంజు అనే మిఠాయిల అజుకి అనే ఎర్ర గింజలను చక్కెరేసి ఉడికించి (అదే అన్‌కొ) లోపల పెడతరు, మనం శనగపప్పు బెల్లం పెడతం. ఆ రోజు సగం క్లాసు పూర్ణం మీదనే నడిచింది. పప్పు, నానబెట్టుడు, ఉడుకుడు, మెత్తగ రుబ్బుడు. ఈ మాటలు మర్చిపోలే.

కంజి (చైనా నుంచి వచ్చిన బొమ్మల అసొంటి అక్షరాలు) గురించి ఇప్పుడే బెదరకు. రోజూ వాడే పట్టికల 2,136 ఉన్నయని చిట్యాల తమ్ముడు నీకు చెప్పకముందే నేను చెప్తున్న. నీకు ఈ సంవత్సరానికి దవాఖాన, మందులు, ఎంట్రీ, ఎగ్జిట్, మీ ఊరి పేరు, మీ ఆయన పేరు రాసే కతకన చాలు. పుస్తకానికి పైసలు పెట్టకు. జపాన్ ఫౌండేషన్ వాళ్ల "ఇరొదొరి" నెట్ల ఫ్రీగ ఉన్నది, ఆడియోతోని సహా దింపుకోవచ్చు. దవాఖాన, దుకాణం, పక్కింటోళ్లు, అన్నీ బతుకు పాఠాలే. క్లాసుల "మిన్నా నొ నిహొంగొ" వాడితే అప్పుడు కొనుక్కో, అది వరసగ వ్యాకరణం చెప్తది. చదువుడు ఇంట్ల. క్లాసు నోటికి.

ఒక్కటి మాత్రం అందరికన్న ముందు నేర్చుకో. సాయంత్రం అయిదింటికి మీ ఊర్ల మైకుల పాట వస్తది గద? అది పిల్లలు ఇంటికి పోవాలె అని ఒకటి, మైకులు పనిచేస్తున్నయా అని చూసుకునుడు ఇంకోటి. నిజంగ భూకంపమొస్తే, సునామీ వస్తే అదే మైకుల చెప్తరు. 1995ల కోబే భూకంపంల విదేశీయులకు ఆ ప్రకటనలు అర్థంకాక మస్తు నష్టం జరిగింది. దాని తర్వాతనే "యసషీ నిహొంగొ" అని తేలిక జపనీస్ ఒకటి తయారుచేసిండ్రు. "హినన్ షితె కుదసయ్" అనే బదులు "నిగెతె కుదసయ్", అంటె పారిపోండ్రి. "తకదయ్" బదులు "తకయ్ తొకొరొ", ఎత్తైన జాగ. మా సెన్సే నాకు నేర్పిన మొదటి క్రియ "నిగెతె". తినుడు, పోవుడు, వచ్చుడు తర్వాత. నీ జ్వరం "తకయ్" ఈడ కూడ పనికొస్తది చూడు.

ఇంట్లకెల్లి బయటికి పోయేటప్పుడు వాళ్లేమంటరో తెలుసునా? "ఇత్తె కిమసు". పోయి వస్త. మనం "పోతున్న" అంటే అవ్వ తిట్టేది గద, "పోయొస్త అను" అని. గదే మాట. ఇంట్ల ఉన్నోళ్లు "ఇత్తెరస్షయ్" అంటరు, పోయి రా అని. నీకు సగం భాష దేవరకొండలనే వచ్చింది, అత్తమ్మకు గదే చెప్పు.


మిర్యాలగూడ:

అక్కా, నేను బీఎస్సీ నర్సింగ్. ముసలోళ్ల సంరక్షణ పనికి జపాన్ పోదామనుకుంటున్న. ఆడికొచ్చినంక ఈ 100 యెన్ల క్లాసుల నేర్చుకుంటే సరిపోతదా?


మక్తల్ అక్క:

సరిపోదు తమ్మి, నీ దారి వేరే. 2019 ఏప్రిల్‌ల వచ్చిన తొకుతెయ్ గినో (పని వచ్చినోళ్లకు ఇచ్చే) వీసాల రావాలంటే బయలుదేరకముందే ఎన్4 గాని, జేఎఫ్‌టీ బేసిక్ (జపాన్ ఫౌండేషన్ వాళ్ల భాష పరీక్ష) గాని పాస్ కావాలె. సంరక్షణ పనికి దాని మీద ఇంకో భాష పరీక్ష, పని పరీక్ష ఉంటయి. బయటి దేశాల ఉద్యోగాలకు పంపే మన రాష్ట్ర ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ కాడ అడుగు ముందు. ఏజెంటుకు ఒక్క రూపాయి కట్టకముందే అడుగు. దీనికి వేరే థ్రెడ్ పెట్టు, చెల్లెది ఇది.


పాలమూరు తెలుగు పంతులు:

నేను మహబూబ్‌నగర్‌లో తెలుగు పండితుడిగా పనిచేసి రిటైరయ్యాను. మనవరాలు ఒసాకాలో ఉంటుంది కాబట్టి ఈ చర్చ చదివాను. మక్తల్ అమ్మాయి చెప్పినదానికి ఒక ముక్క కలుపుతాను. వాళ్ల అక్షరాల వరస చూడండి: అ, ఇ, ఉ, ఎ, ఒ. తర్వాత క, స, త, న, హ, మ, య, ర, వ. మన వర్ణమాలను ఎక్కడో చూసినట్టు లేదూ? ఆ హ వరసను ఒకప్పుడు ప అని పలికేవారని భాషా చరిత్రకారులు చెబుతారు. స ఉన్నచోట మన చ పెట్టుకోండి. క, చ, త, న, ప, మ, య, ర, వ. బౌద్ధ భిక్షువులు సంస్కృతం కోసం 'సిద్ధం' అనే లిపి నేర్చుకున్నారు, ఆ చదువు ప్రభావంతో ఏర్పడిన వరస అది. మనవరాలికి ఇది చెబితే జపనీస్ నిఘంటువులో పదం వెతకడం ఒక్క పూటలో వచ్చేసింది. అమ్మా దేవరకొండ బిడ్డా, క్లాసుకు వెళ్లావా లేదా రాయి.


దేవరకొండ బిడ్డ:

పోయిన సార్! గురువారం పొద్దున పది గంటలకు. ఆలస్యంగ రాస్తున్నందుకు ఏమనుకోకుండ్రి, బాబుకు మళ్లీ జలుబు.

గేటు కాడ పది నిమిషాలు నిలబడ్డ లోపలికి పోవాల్నా వద్దా అని. బాబే చెయ్యి ఇడిపించుకొని లోపల బొమ్మలు కనబడితే ఉరికిండు, వాని ఎనుక నేను. తకుజి ఉన్నది అక్కా, ఇద్దరు పెద్దమ్మలు చూసుకుంటరు. వాడు ఒక చెక్కబొమ్మ ఇసిరేసిండు, తర్వాత వాళ్ల ఒళ్లనే పండుకుండు.

నాకు ఒక పెద్దాయన దొరికిండు, డెబ్భై ఏండ్ల పైనే. మీరు చెప్పినట్టు చెత్త క్యాలెండర్ తీసుకపోయిన, కానీ దాని దాక పోనే లేదు. ఏ దేశం అన్నడు, ఇండియా అన్న. ఇండియాల ఎక్కడ? హైదరాబాద్ ఆయనకు తెల్వదు. నల్గొండ ఎట్లనూ తెల్వదు. ఫోన్‌ల మ్యాప్ తీసి మా ఊరు చూపెట్టి, పక్కన నీళ్లు పెద్దగ కనబడుతున్నయి గద అని సాగర్ డ్యామ్ ఫొటో తీసిన. "నాగార్జున" అన్న. ఆయన "నాగారుజున?" అన్నడు. మళ్లీ అన్న. ఆయన పెన్ను తీసి రెండు కంజీలు రాసిండు, పెద్దగ, మెల్లగ. మొదటిది నాగుపాము అసొంటి డ్రాగన్ అంట, రెండోది చెట్టు. చదివితే "ర్యూజు". ఫోను మధ్యల పెట్టుకొని ఆయన చెప్పింది ఏందంటే, వాళ్లది జోదో షిన్‌షూ అనే బౌద్ధ శాఖ, వాళ్ల ఏడుగురు గురువులల్ల మొదటాయన ఈ ర్యూజునేనంట, రోజూ చదివే ప్రార్థనల ఆ పేరు వస్తదంట. ఆయన చిన్నప్పుడు వాళ్ల నాయనమ్మ పొద్దున్నే చదువుతుంటే విన్నడంట. ఆ పేరు మీద డ్యామ్ ఉన్నదని, మా ఊర్లె బస్సు ఎక్కితే పోవచ్చునని ఆయన నమ్మలే. పక్క టేబుల్ వాళ్లను కూడ పిలిచి నా ఫోన్ చూపెట్టిండు. నేను చిన్నప్పుడు స్కూల్ పిక్నిక్‌కు పోయిన, పులిహోర తిన్న, ఇంకేం తెల్వదు నాకు. పంతులు సార్, ఇంట్ల పిల్లలకు చెప్పేటట్టు ఉంటే మీరు నాగార్జునాచార్యుడి గురించి నాలుగు ముక్కలు రాయుండ్రి, వచ్చే వారం ఆయన కచ్చితంగ అడుగుతడు.

పోయేటప్పుడు చెప్పులు తొడుక్కుంట, మక్తల్ అక్క మాట యాదికొచ్చి "ఇత్తె కిమసు" అన్న. అందరు ఒక్కసారి నవ్విండ్రు. అది ఇంట్లకెల్లి పోయేటప్పుడే అంటరంట, క్లాసుల "షిత్సురెయ్ షిమసు" అనాల్నంట. అయితే బాబును ఎత్తుకొచ్చిన పెద్దమ్మ మాత్రం "ఇత్తెరస్షయ్" అన్నది.

ఇంకోటి, 100 యెన్ల చిల్లర పట్టుకపోవాలె. నా తాన 500 బిళ్ల ఒక్కటే ఉండె, దాని కోసం ముగ్గురు పర్సులు తీసిండ్రు.